2200 దాటితే గేజి ముల్లు ఎర్రగీత వైపు.. ఇంపెల్లర్ మార్చినా అదే కథ

కొత్త_సరంగు

నా బోటులో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇన్‌బోర్డ్ ఇంజన్, స్పీడులో వేడెక్కిపోతోంది. లోపల కూలెంట్ తిరుగుతుంది, దాన్ని హీట్ ఎక్స్ఛేంజర్‌లో బయటి ఉప్పునీళ్లు చల్లారుస్తాయి. ఆ నీళ్లు తర్వాత పొగతో కలిసి ఎగ్జాస్ట్‌లోంచి బయటపడతాయి. ఐడిల్‌లో ఎంతసేపు వదిలినా గేజి ముల్లు 80 డిగ్రీల దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. నిమిషానికి 1500 చుట్లలో కూడా అంతే. 2200 దాటించానంటే పది నిమిషాల్లో 95, ఇంకొంచెం పెంచితే 100 దగ్గర అలారం కూత. స్పీడు తగ్గిస్తే కాసేపటికి మళ్లీ దిగొస్తుంది.

ఇప్పటిదాకా చేసినవి చెబుతాను. వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ కొత్తది వేశాను. కూలెంట్ మొత్తం దింపి కొత్తది పోశాను. బెల్టు బిగించాను. ఇంపెల్లర్ (ఉప్పునీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం) మార్చాను. పాతదానికి రెండు రెక్కలు ఊడిపోయి ఉన్నాయి, దొంగ దొరికాడని సంబరపడ్డాను. మొదటి ట్రిప్పు కొంచెం నయం అనిపించింది, రెండో ట్రిప్పులో మళ్లీ కూత. ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. స్ట్రైనర్ జాలి శుభ్రంగా ఉంది. ఇంక ఏం విప్పాలో తెలియడం లేదు. మా ఇంట్లోవాళ్లు బోటెక్కగానే లైఫ్ జాకెట్ కన్నా ముందు గేజి వైపు చూస్తున్నారు.

పాత_డీజిల్

ఊడిన రెండు రెక్కలు ఎక్కడున్నాయి?

కొత్త_సరంగు

పంపులో అయితే లేవు. నీళ్లతో కొట్టుకుపోయి ఉంటాయి.

పాత_డీజిల్

కొట్టుకుపోయి ఎక్కడికి పోతాయి? పంపు నుంచి బయలుదేరిన గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లండి. మొదట తగిలే ఇరుకు చోటే వాటి ఇల్లు.

ఉప్పుగాలి

ఇంత గొడవెందుకు గురూ. థర్మోస్టాట్ తీసి పక్కన పడేయండి. నేను మూడేళ్లుగా అది లేకుండానే తిప్పుతున్నా, ముల్లు 60 దాటితే ఒట్టు.

స్పానర్_బాబు

వచ్చాడండీ థర్మోస్టాట్ శత్రువు.

రెండు_ఇంజన్లు

ఏదైనా విప్పే ముందు ఒక్క మాట. గేజి చెప్పేది నిజమేనా? నా ఎడమ ఇంజన్ ఏడాది పాటు 98 చూపించింది. రాత్రిపూట లైట్లు వేస్తే ముల్లు ఇంకాస్త లేచేది. అక్కడే అనుమానం రావాల్సింది నాకు, రాలేదు. వాటర్ పంపు మార్చాను, ఎక్స్ఛేంజర్ కడిగించాను. చివరికి చూస్తే డాష్‌బోర్డు వెనక ఎర్త్ వైరు పచ్చగా చిలుం పట్టి ఉంది. గన్‌లా గురిపెట్టి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. థర్మోస్టాట్ ఉండే డబ్బా మీద పెట్టి గేజితో పోల్చండి.

చిన్న చిట్కా: మెరిసే లోహం మీద గన్ తప్పు లెక్క చెబుతుంది, ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి.

గుల్లల_శత్రువు

ఐడిల్‌లో బాగుండి స్పీడులో వేడెక్కుతోందంటే నా ఓటు నీళ్లు లాగే వైపుకే. బోటు అడుగున నీళ్లు లోపలికి వచ్చే రంధ్రం చూశారా? నా దాంట్లో గుల్లలు పట్టి, బొటనవేలు దూరాల్సిన చోట పెన్సిల్ దూరడం లేదు. స్ట్రైనర్ మాత్రం తళతళా మెరుస్తోంది! చెత్త లోపలికి వస్తే కదా జాలిలో పడేది.

తెరచాప_బద్ధకం

పైన గుల్లల గారు చెప్పిన దానికి నాదో కేసు. స్పీడుగా పోతుంటే వేడెక్కేది. ఆపి, లంగరేసి, అరగంట అన్నీ చూస్తే ఏమీ దొరికేది కాదు. స్టార్ట్ చేస్తే మామూలే. ఇలా మూడుసార్లు. నాలుగోసారి మా తమ్ముడు నీళ్లలోకి దూకి చూశాడు. ప్లాస్టిక్ సంచి. ఇంజన్ లాగుతున్నంతసేపూ రంధ్రానికి అతుక్కుని ఉండేది, ఆపగానే ఊడి వేలాడేది. మళ్లీ బయలుదేరితే మళ్లీ అతుక్కునేది. అది చుక్కాని దగ్గర ఎక్కడో చిక్కుకుని మాతోనే ప్రయాణం చేసిందన్నమాట, టికెట్ లేకుండా.

స్పానర్_బాబు

మూడు ట్రిప్పులు ఫ్రీగా తిరిగిందా!

పాత_డీజిల్

ఉప్పుగాలి గారి థర్మోస్టాట్ సలహా గురించి, కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ ఇంజన్‌లో బహుశా ఉప్పునీళ్లే నేరుగా బ్లాకులో తిరుగుతాయి. అలాంటి వాటిని తయారుచేసినవాళ్లే తక్కువ వేడికి, 60 ప్రాంతానికి సరిపెడతారు. అంతకన్నా బాగా వేడెక్కితే ఉప్పు, సున్నం పొరలు కట్టి దారులు పూడిపోతాయి. కొత్త_సరంగు గారిది కూలెంట్ రకం, 80 దగ్గర నడవాల్సిందే.

రెండోది, ఇదే అసలు సంగతి. ఇలాంటి చాలా ఇంజన్లలో బైపాస్ దారి ఒకటి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఎక్స్ఛేంజర్ దాకా పోకుండా ఆ అడ్డదారిలో తిరిగొస్తుంది. వేడెక్కాక థర్మోస్టాట్ పెద్ద దారి తెరుస్తూ, అదే కదలికతో ఈ అడ్డదారి మూస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం చల్లారకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. చల్లబడుతుందనుకుని తీస్తే, బరువు లాగేటప్పుడు ఇంకా ఎక్కువ వేడెక్కొచ్చు. పోనీ వేడెక్కలేదనుకున్నా, డీజిల్ ఎప్పుడూ చల్లగా నడిస్తే ఇంధనం సరిగ్గా కాలదు, ఆయిల్ పాడవుతుంది, లోపల మసి పేరుకుంటుంది.

ఉప్పుగాలి

నాది నేరుగా ఉప్పునీళ్ల రకమే. సరే, ఆ బైపాస్ సంగతి నాకు తెలియదు. కానీ నా ఇంజన్ నడుస్తోంది కదా సార్, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

పాత_డీజిల్

నడుస్తోంది. ఎన్నాళ్లు అన్నదే లెక్క :)

లంగరు77

నీళ్లు లాగే వైపు ఇంకో దొంగ. స్ట్రైనర్ మూత కింద రబ్బరు రింగు. అది ఎండిపోతే నీళ్లు కారవు, గాలి పీలుస్తుంది. బయటికి చుక్క కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంజన్ నడుస్తుండగా స్ట్రైనర్ గాజు గిన్నెలోకి టార్చ్ వేసి చూడండి. బుడగలు పరుగెడుతుంటే అదే.

మెత్త గొట్టం ఉన్నా చూడండి. లోపల తీగ చుట్ట లేని గొట్టం స్పీడులో లాగుడికి చప్పగా అణిగిపోతుంది, ఐడిల్‌కి రాగానే మామూలుగా గుండ్రంగా కనిపిస్తుంది. అందుకే స్పీడులో ఉన్నప్పుడే చేత్తో పట్టుకు చూడాలి. బెల్టుకు దూరంగా, చొక్కా చేతులు మడిచి.

కొత్త_సరంగు

ఇన్ని వస్తాయనుకోలేదు. నీళ్లు లాగే వైపు మొత్తాన్ని ఒకేసారి తేల్చేసే పరీక్ష ఏమైనా ఉందా? బోటు ఒడ్డుకెక్కించే వీల్లేదు ఇప్పుడు.

రెండు_ఇంజన్లు

ఉంది. సీకాక్ (బోటు అడుగున నీళ్లు వచ్చే రంధ్రానికి ఉండే కవాటం) మూసి, పంపులోకి వచ్చే గొట్టం ఊడదీసి, ఆ చోట వేరే పొట్టి గొట్టం తగిలించి నీళ్ల బకెట్‌లో ముంచండి. ఇంజన్ అక్కణ్నుంచి లాగనివ్వండి. బకెట్ నీళ్లతో చల్లగా ఉంటే తప్పు పంపుకి ముందు ఉంది. అప్పుడూ వేడెక్కితే పంపులోనో, దాని తర్వాతో.

స్పానర్_బాబు

బకెట్ అంటే స్నానాల బకెట్ అనుకునేరు. నేనలాగే చేశాను. మా వాడు మగ్గుతో పోస్తున్నాడు, ఇంజన్ ఒక్క గుక్కలో తాగేసింది. పెద్ద డ్రమ్ము పెట్టి, అందులోకి పైపు వదలండి. నీళ్లు అయిపోతే పంపు పొడిగా తిరుగుతుంది. అలా ఒక్క నిమిషం తిరిగినా చాలు, కొత్త ఇంపెల్లర్ కాలి జిగురైపోడానికి.

కొత్త_సరంగు

శనివారమంతా దీనికే పోయింది. చెబుతున్నా వినండి.

గేజి 97 చూపినప్పుడు థర్మోస్టాట్ డబ్బా మీద (నల్ల టేపు అంటించే) 96. అంటే గేజి నిజమే చెబుతోంది. గాజు గిన్నెలో బుడగల్లేవు. గొట్టం రాయిలా గట్టిగా ఉంది. తర్వాత డ్రమ్ము పెట్టి, బోటును నాలుగు తాళ్లతో గట్టిగా కట్టి, గేరులో వేసి 2000 దాకా తీసుకెళ్లాను. డ్రమ్ము నీళ్లతో కూడా మెల్లగా 90 దాటింది. అంటే తప్పు పంపులో లేదా తర్వాత, అంతేగా?

ఇంకోటి. ఎక్స్ఛేంజర్‌లోకి ఉప్పునీళ్లు పోయే చోట 31, బయటికి వచ్చే చోట 62. ఇది ఎక్కువా?

పాత_డీజిల్

చాలా ఎక్కువ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. నీళ్లు ఎక్స్ఛేంజర్‌లోంచి బాగా వేడెక్కి బయటికొస్తున్నాయంటే వేడి బాగానే మారుతోంది, నీళ్లే చాలడం లేదు. అలా కాకుండా నీళ్లు కాస్తే వెచ్చబడి వస్తూ ఇంజన్ మాత్రం ఉడికిపోతుంటే అప్పుడు ఎక్స్ఛేంజర్ గొట్టాల మీద పొర పట్టిందనో, కూలెంట్ తిరగడం లేదనో అనుమానించాలి. మీది మొదటి రకం. ఆ రెక్కల కోసం వెతకండి.

లంగరు77

కొత్త ఇంపెల్లర్ కూడా ఒకసారి బయటికి తీసి చూడండి. రెక్కలన్నీ ఉన్నా మోసం చేసేది ఒకటుంది. మధ్యలో ఇత్తడి బుష్షుకి రబ్బరు అతికించి ఉంటుంది. ఆ అతుకు ఊడితే షాఫ్టు తిరుగుతుంది, రబ్బరు జారుతుంది. ఐడిల్‌లో తిరుగుతుంది, స్పీడులో జారుతుంది. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. ఇత్తడిని పట్టుకుని రెక్కల్ని గట్టిగా మెలితిప్పితే తెలిసిపోతుంది.

పంపు మూత లోపలి ముఖం కూడా చూడండి, గోరు గీస్తే తగిలేంత గాట్లు పడి ఉంటే నీళ్లు పక్కనుంచి వెనక్కి జారిపోతాయి. కొన్ని మూతల్ని తిరగేసి బిగించుకోవచ్చు.

గుల్లల_శత్రువు

ఇంపెల్లర్ వేసేటప్పుడు గ్రీజు రాశారా? మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బించేస్తుంది. గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ చాలు.

కొత్త_సరంగు

సబ్బునీళ్లే రాశాను. మెలితిప్పి చూశాను, గట్టిగానే ఉంది. మూత నున్నగా ఉంది. రేపు ఎక్స్ఛేంజర్ మూత విప్పుతా.

పాత_డీజిల్

ఆగండి. పంపు నుంచి గొట్టం నేరుగా ఎక్స్ఛేంజర్‌కే పోతోందా? గేర్‌బాక్స్ పక్కన చిన్న సిలిండర్ లాంటిది ఏమైనా ఉందా?

కొత్త_సరంగు

ఉంది. మూరెడు పొడుగు. అదేదో ఫిల్టర్ అనుకున్నాను.

పాత_డీజిల్

అది గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్. కొన్ని బోట్లలో పంపుకి ముందు ఉంటుంది, మీ దాంట్లో తర్వాత ఉన్నట్టుంది. ముందు దాని మూతి విప్పండి.

కొత్త_సరంగు

అయ్యా పాత_డీజిల్ గారూ, మీకు పాదాభివందనం.

గొట్టం ఊడదీసి టార్చ్ వేశాను. కూలర్ మూతిలో సన్నటి రాగి గొట్టాలు తేనెపట్టులా ఉన్నాయి. వాటి మీద నల్లటి రెక్క ఒకటి చెంపకు చెయ్యి ఆనించి పడుకున్నట్టు అడ్డంగా పడి ఉంది. సగానికి పైగా గొట్టాలు దాని కిందే. సన్నమూతి పటకారుతో లాగితే సగం విరిగి వచ్చింది, మిగతా సగం వంచిన తీగతో. దాని వెనక ఇంకో చిన్న ముక్క, పైన నాచు, ఎవరిదో చేప పొలుసు కూడా. ఎక్స్ఛేంజర్ మూత కూడా విప్పాను. అక్కడ రబ్బరు లేదు కానీ జింక్ యానోడ్ (మిగతా లోహానికి బదులు తాను తినబడిపోయే ముక్క) నుంచి రాలిన తెల్లటి పెళ్లలు అడుగున పేరుకుని ఉన్నాయి. యానోడ్ ఉండాల్సిన చోట బోల్టు తల ఒక్కటే మిగిలింది.

రెండు_ఇంజన్లు

ఇంపెల్లర్ కొత్తది వేసినప్పుడు మొదటి ట్రిప్పు నయంగా ఉండి రెండోదాంట్లో చెడిందన్నారు. కొత్త పంపు జోరుకి ఆ రెక్క కదిలి ఇంకా గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది.

స్పానర్_బాబు

ఫిల్టర్ అనుకున్నది నిజంగానే ఫిల్టర్ పని చేసింది పాపం.

కొత్త_సరంగు

ఇవాళ నడిపి చూశాను. 2200లో 82. 2600లో 84. నీళ్లు 30లో వెళ్లి 43లో వస్తున్నాయి. ఎగ్జాస్ట్ నీళ్లు కూడా ఇదివరకటికన్నా లావుగా పడుతున్నాయి. ఇదివరకు "వస్తూనే ఉన్నాయి" అని రాశాను కదా, ఎంత రావాలో తెలిస్తేగా!

కానీ కథ అయిపోలేదు. పూర్తి స్పీడులో ఇప్పటికీ 92 దాకా ఎక్కుతోంది. ఆ పూర్తి స్పీడు కూడా 2900 దగ్గరే ఆగిపోతోంది, పుస్తకంలో 3400 అని ఉంది. కొన్నప్పటి నుంచీ ఇంతే కాబట్టి నేను పట్టించుకోలేదు. వెనక చెక్క మీద మసి కూడా ఎప్పుడూ తుడుస్తూనే ఉంటాను.

తెరచాప_బద్ధకం

మసి సంగతి ఇప్పుడా చెప్పేది!

గుల్లల_శత్రువు

అడుగు పాచి పట్టి ఉంటుంది, లేదా ప్రొపెల్లర్ మీద గుల్లలు. ఎడ్లబండికి రెట్టింపు బరువేసినట్టు. ఇంజన్ రాలేకపోతుంది, నల్ల పొగ, వేడి. మూడూ సరిపోయాయి.

కొత్త_సరంగు

అడుగు పోయిన నెలే గీకించాను. ప్రొపెల్లర్ నేనే మునిగి చూశాను, మెరుస్తోంది.

లంగరు77

అయితే ఎగ్జాస్ట్ ఎల్బో. పొగలో నీళ్లు కలిసే వంపు. ఒక పక్క మసి, ఇంకో పక్క ఉప్పు, తుప్పు, రెండూ కలిసి లోపలికి పెరుగుతాయి. పొగకి దారి లేకపోతే ఇంజన్ ఊపిరాడక నల్ల పొగ వదులుతుంది, నీళ్లకి దారి లేకపోతే వేడెక్కుతుంది. మీకు రెండూ ఉన్నాయి. ఎల్బో వయసెంత?

కొత్త_సరంగు

బోటు వయసే దాని వయసు. పదకొండేళ్లు.

లంగరు77

ఉప్పునీళ్లలో పోత ఇనుప ఎల్బో పదకొండేళ్లా? దాన్ని మ్యూజియంలో పెట్టాలి.

ఉప్పుగాలి

నాది పధ్నాలుగేళ్లది. యాసిడ్ పోసి కడిగితే కొత్తదానిలా అయింది, డబ్బు దండగ చెయ్యకండి.

పాత_డీజిల్

ఉప్పుగాలి గారూ, మీ మీద నాకు కోపం లేదు కానీ ఇదైతే ప్రమాదం. పాత ఎల్బోలో చిల్లుల్ని ఒక్కోసారి తుప్పే మూసి ఉంచుతుంది. యాసిడ్ ఆ తుప్పుని తినేస్తే నీళ్ల దారికీ పొగ దారికీ మధ్య గోడలో సూది మొనంత చిల్లు తెరుచుకుంటుంది. ఇంజన్ ఆపాక నీళ్లు అందులోంచి వాల్వుల మీదికి, అక్కణ్నుంచి సిలిండర్లోకి. వారం తర్వాత తాళం తిప్పితే టక్కుమని ఆగుతుంది, ఇంక కదలదు. నేను చూసినవి రెండు. రెండింట్లోనూ ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

ఉప్పుగాలి

సరే, సరే. ఈ ఆదివారం నేను కూడా విప్పి చూస్తాను. ఇప్పుడు నిద్ర పట్టేలా లేదు.

నీలిరెక్క

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. వేడి అలారం మోగితే వెంటనే ఇంజన్ ఆపాలా, వద్దా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

రెండు_ఇంజన్లు

ముందు స్పీడు తగ్గించి న్యూట్రల్‌లో పెట్టండి. వెనక్కి వెళ్లి ఎగ్జాస్ట్ చూడండి. నీళ్లు పడకపోతే వెంటనే ఆపేయాలి, రబ్బరు గొట్టం, మఫ్లర్ కాలిపోతాయి. నీళ్లు బాగా పడుతూ ముల్లు దిగుతుంటే కొన్ని నిమిషాలు ఐడిల్‌లో వదిలి ఆపొచ్చు, తిరిగే కూలెంట్ వేడిని సమంగా లాగేస్తుంది. దిగకపోతే ఆపడమే. ఆపే ముందు లంగరు వేయగలరో లేదో చూసుకోండి, రాళ్ల మీదికి కొట్టుకుపోతే ఇంజన్ చల్లారి ఏం లాభం.

తెరచాప_బద్ధకం

కూలెంట్ మూత మాత్రం వేడి మీద తిప్పొద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది, మూత వదులవ్వగానే ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతుంది. నా కుడి ముంజేయి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. గుడ్డ కప్పి తిప్పానులే అనుకున్నాను అప్పుడు.

లంగరు77

స్టార్ట్ కాని ఇంజన్‌ని పదేపదే క్రాంక్ చేసేవాళ్లు సీకాక్ మూయండి. ఇంజన్ అందుకోకపోతే పొగ జోరు ఉండదు, పంపు తోడిన నీళ్లు మఫ్లర్ నిండి వెనక్కి సిలిండర్లోకి వస్తాయి. స్టార్ట్ అవగానే తెరవడం మర్చిపోకండి మళ్లీ. నేను ఇంజన్ తాళంచెవిని సీకాక్ పిడికే తగిలిస్తాను. అక్కడికి వంగితే గానీ తాళం చేతికి రాదు.

నీలిరెక్క

తాళంచెవి ఐడియా ఇవాళే మొదలుపెడతా.

కొత్త_సరంగు

ఎల్బో విప్పాను. నాలుగు బోల్టుల్లో ఒకటి విరిగింది, దాని గురించి ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు. పొగ వచ్చే వైపు మసి గట్టిపడి బొగ్గులా ఉంది, మధ్యలో నా చిటికెన వేలు పట్టేంత రంధ్రం. నీళ్లు కలిసే చోట పొరలు పొరలుగా తుప్పు పెళ్లలు. ఎంత గట్టిగా ఉందో చూద్దామని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను. మొన అవతలికి వచ్చేసింది. గోడే లేదు, తుప్పే గోడ.

లంగరు77

స్క్రూడ్రైవర్ దిగిందంటే ఇంక మాటల్లేవు. కొత్తది వేయండి, గ్యాస్కెట్ కూడా. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీల్ దొరికితే అది చూడండి.

ఉప్పుగాలి

నాది కూడా విప్పాను. ఏమీ అడక్కండి. కొత్తది ఆర్డర్ పెట్టాను. థర్మోస్టాట్ కూడా.

స్పానర్_బాబు

ఈ రోజు తేదీ ఎవరైనా గోడ మీద రాసి పెట్టండి.

కొత్త_సరంగు

చివరి రిపోర్టు. కొత్త ఎల్బో, కొత్త గ్యాస్కెట్, కొత్త జింక్ యానోడ్. నిన్న 3300 దాకా వెళ్లింది, అరగంట తిప్పాను, ముల్లు 83 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. వెనక చెక్క మీద మసి లేదు. ఇంట్లోవాళ్లు గేజి చూడ్డం మానేసి ఇప్పుడు ఫోన్లు చూస్తున్నారు.

పాత ఇంపెల్లర్‌ని బల్ల మీద పెట్టి దొరికిన ముక్కలన్నీ పేర్చాను. మొదటి రెక్క పూర్తిగా కుదిరింది. రెండోది సగమే ఉంది.

పాత_డీజిల్

మిగతా సగం పాత ఎల్బోలో చూశారా?

కొత్త_సరంగు

పాత సామాను బండికి వేసేశాను సార్..

స్పానర్_బాబు

బండి ఎంత దూరం పోయుంటుంది?